టెనర్ శాక్సఫోన్‌కి తక్కువ ధరలో మెటల్ మౌత్‌పీస్: కొనేముందు అద్దం ముక్క మీద పెట్టి చూడండి

మీ ప్రశ్న సారాంశం ఇదీ. రాజోలు దగ్గర ఊరు. మూడేళ్లుగా టెనర్ శాక్సఫోన్. ఆదివారాలు చర్చి క్వయర్‌లో, ముహూర్తాల రోజుల్లో బ్యాండు మేళంలో. వాద్యంతో పాటు పెట్టెలో వచ్చిన నల్ల 4సి మౌత్‌పీస్‌తోనే ఇన్నాళ్లూ నెట్టుకొచ్చారు. ఊరేగింపులో ట్రంపెట్లూ సైడు డ్రమ్ములూ మోగుతుంటే మీ పాట మీకే వినపడటం లేదు. మెటల్ వేస్తే సౌండు చీల్చుకుపోతుందని మేళంలో ఎవరో అన్నారు. చేతిలో ఎనిమిది వేలున్నాయి. ఏది కొనాలి?

జవాబు ముందు చెప్పేస్తాను, కారణాలు తర్వాత.

ఎనిమిది వేలూ ఒక్క మౌత్‌పీస్ మీద పెట్టకండి. టిప్ ఓపెనింగ్, అంటే మౌత్‌పీస్‌కీ దానికి కట్టే రీడ్‌కీ (ఊదితే కొట్టుకునే పలచని బద్ద) కొస దగ్గరుండే సందు, రెండున్నర మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి, అంటే ఒట్టో లింక్ అనే మౌత్‌పీస్ కంపెనీ లెక్కలో 7 నంబరు. లోపల బాఫిల్, అంటే లోపలి పైకప్పు, ఓ మాదిరి ఎత్తుండాలి. లిగేచర్, అంటే రీడ్‌ని బిగించే పట్టీ, దాంతోపాటే రావాలి. పైన బంగారు పూతో వెండి పూతో ఉండాలి. ఇవన్నీ ఉన్న పేరులేని మెటల్ పీసు మూడు నుంచి ఐదు వేలలో దొరుకుతుంది. నచ్చకపోతే వెనక్కి తీసుకుంటామన్న చోటే కొనండి. మిగిలిన డబ్బుతో ఇప్పుడు వాడేదానికంటే అర నంబరు మెత్తని రీడ్లు ఒక పెట్టె, పై పళ్ల కింద అంటించే రబ్బరు ప్యాచ్‌లు తీసుకోండి. చర్చికి ఆ పాత 4సినే ఉంచండి, పారేయకండి.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. మీకు కావలసింది రోడ్డు మీద వినపడటమే ఐతే దానికి మెటలే అక్కర్లేదు. నాకు ఈ సంగతి అర్థమవడానికి పదేళ్లు పట్టింది, రెండు పీసులు పాడయ్యాయి.

మాది పాలకొల్లు వైపు. నాన్నగారు మేళంలో క్లారినెట్. నేను టెనర్ పట్టి ఇరవై రెండేళ్లయింది. మెటల్ పీసు కొన్న కొత్తలో నేనూ అందరిలాగే అనుకున్నాను, ఇత్తడి కాబట్టి మోగుతోందని. గుడి గంట మోగినట్టు మౌత్‌పీస్ కూడా మోగుతుందని మన బుర్రలో ఉంటుంది. కానీ శాక్సఫోన్‌లో మోగేది గొట్టం కాదు, లోపలున్న గాలి. రీడ్ కొట్టుకుంటుంటే ఆ గాలి ఊగుతుంది. ఆ గాలికి తెలిసేది లోపలి ఆకారం ఒక్కటే. గోడ గట్టి రబ్బరో ఇత్తడో దానికి దాదాపు పట్టదు. మరి మెటల్ పీసులు ఎందుకు అంత పదునుగా పలుకుతాయి? వాటిలో చాలావాటిని లోపల అలా తొలిచి చేస్తారు కనుక. అంతే.

దీన్ని మేం ఓసారి కాలువ గట్టు మీద తేల్చుకున్నాం. సాయంత్రం పూట నేను ఇవతలి గట్టున నిలబడ్డాను, మా కుర్రాళ్లు ఐదుగురు అవతలి గట్టున నాకు వీపు పెట్టి కూర్చున్నారు. మూడు మౌత్‌పీస్‌లు మార్చి మార్చి ఒకే పల్లవి ఊదాను: పాత నల్ల 4సి, నా మెటల్ పీసు, రికో కంపెనీ మెటలైట్. ఏది గట్టిగా వినపడితే దానికి చెయ్యెత్తమన్నాను. నలుగురు మూడోదానికి ఎత్తారు. "అదే కదా అన్నా మెటల్‌ది" అన్నారు కూడా. మెటలైట్ అనేది పేరులో మెటల్, ఒంట్లో ప్లాస్టిక్. చూడ్డానికి బూడిదరంగులో లోహంలా ఉంటుంది గానీ అచ్చులో పోసిన ప్లాస్టిక్ అది. లోపల బాఫిల్ బాగా ఎత్తు, అదీ దాని కిటుకు. రికో ఇప్పుడు డి'అడారియో వాళ్లది, ఆ పేరుతో వెతకండి. నేను కొన్నప్పుడు నాలుగు వేలలోపే పడింది. ఎం5, ఎం7, ఎం9 అని వస్తాయి, మీలాంటివాళ్లు ఎం5తో మొదలుపెట్టాలి.

ఇది చదివి "ఐతే అదే కొనేస్తాను" అనుకుంటే నాకేం అభ్యంతరం లేదు. కానీ మెటల్‌కి నిజంగా ఉన్న లాభం ఒకటుంది, దాన్ని దాచను. లోహం గట్టిది కాబట్టి గోడ పలచగా చేయొచ్చు. రబ్బరైతే అంత పలచన చేస్తే విరిగిపోతుంది. అందుకని మెటల్ పీసు ముక్కు సన్నగా ఉంటుంది, నోరు తక్కువ తెరిస్తే చాలు. మూడు నాలుగు గంటలు ఊరేగింపులో నడుస్తూ ఊదేవాడికి దవడ నొప్పి తగ్గుతుంది. నేను ఈరోజుకీ రోడ్డు మీద మెటలే వాడేది అందుకు. సౌండు కోసం కాదు.

ఇక లోపలి సంగతులు. మూడు మాటలు తెలిస్తే చాలు, దుకాణంలో ఎవడూ మిమ్మల్ని మాయ చేయలేడు.

టిప్ ఓపెనింగ్ అంటే రీడ్ కొసకీ మౌత్‌పీస్ కొసకీ మధ్య సందు. సందు పెద్దదైతే ఎక్కువ గాలి పడుతుంది, ఎక్కువ సౌండు వస్తుంది, కానీ ఆ గాలి ఇచ్చేది మీరు. ఒట్టో లింక్ మెటల్ పీసుల మీద ఉండే నంబర్లు అంగుళంలో వెయ్యో వంతుల లెక్కకి గుర్తులు: 5 అంటే 80, 6 అంటే 90, 7 అంటే 100, 7 స్టార్ అంటే 105, 8 అంటే 110. వంద వెయ్యో వంతులంటే 2.54 మిల్లీమీటర్లు. బెర్గ్ లార్సెన్ వాళ్లు ఆ కొలతనే నేరుగా చెక్కుతారు. 100/2 అని ఉంటే సందు వంద, చాంబర్, అంటే లోపలి గది, రెండో రకం. వాళ్ల చాంబర్లలో 0 అన్నిటికంటే పదును, 3 అన్నిటికంటే మెత్తన. ఒక కంపెనీ 7కీ ఇంకో కంపెనీ 7కీ సంబంధం ఉండదు, అందుకే నంబరు కాదు, మిల్లీమీటర్లు అడగండి. మీ 4సి సందు వీటన్నిటికంటే బాగా తక్కువ. దానిమీంచి ఒక్కసారిగా 9కో 10కో దూకితే మొదటి పాటకే పెదవి చచ్చుపడుతుంది.

బాఫిల్ అంటే కొస నుంచి లోపలికి దిగే పైకప్పు. కొస దాటగానే ఆ కప్పు ఎత్తుగా, రీడ్‌కి దగ్గరగా ఉంటే గాలి ఇరుకులోంచి జోరుగా పోతుంది, పలుకు పదునెక్కుతుంది. లోతుగా జారిపోతే మెత్తగా, గుండ్రంగా వస్తుంది. దుకాణంలో పీసుని వెనక రంధ్రంలోంచి కాకుండా ముందు, రీడ్ కప్పే తెరుపులోంచి వెలుతురుకి పట్టి చూడండి, తెలిసిపోతుంది. కాలువ లాకు దగ్గర తలుపు కొంచెమే ఎత్తినప్పుడు నీళ్లు ఎలా చిమ్ముతాయో చూశారుగా, ఇంచుమించు అదే.

చాంబర్ అంటే ఆ తర్వాత వచ్చే గది. ఇది శృతికి సంబంధించింది, దీన్నే అందరూ మరిచిపోతారు. శాక్సఫోన్ శంకువు ఆకారం. ఆ శంకువు కొస కోసేసి అక్కడ మౌత్‌పీస్ పెట్టాడు అడాల్ఫ్ సాక్స్. 1846లో పారిస్‌లో పేటెంటు తీసుకున్నప్పటి నుంచీ లెక్క ఇదే. కోసేసిన కొసలో ఎంత చోటు ఉండేదో అంత చోటు మౌత్‌పీస్ లోపల ఉండాలి. బాఫిల్ ఎత్తు పెంచి చాంబర్ ఇరుకు చేస్తే ఆ చోటు తగ్గుతుంది, శృతి పైకి పోతుంది. అప్పుడు పీసుని వాద్యం మెడ గొట్టం కొసనున్న కార్క్ మీద బయటికి లాగి సరిచేయాలి. లాగినా పై స్థాయి స్వరాలు కింది వాటికంటే ఎక్కువ ఎగురుతుంటాయి. ఊరేగింపులో ఇది ఎవరూ పట్టించుకోరు. చర్చిలో కీబోర్డు పక్కన నిలబడితే మాత్రం పాస్టరుగారికి కూడా తెలిసిపోతుంది. 4సి ఉంచుకోమన్నది ఇందుకే.

పైగా చర్చిలో మైకు ఉంటుంది. మైకున్న చోట పదునైన పీసు వాడితే చెవులు గీరినట్టుంటుంది, అల్టార్ దగ్గర కూర్చున్న పెద్దవాళ్లు ముఖం చిట్లిస్తారు. మనకి రెండు పనులున్నాయి కాబట్టి రెండు పీసులు. అంతకంటే పెద్ద సిద్ధాంతమేమీ లేదు.

ఇప్పుడు మీ డబ్బులో ఏవేం దొరుకుతాయో.

కొత్త ఒట్టో లింక్ సూపర్ టోన్ మాస్టర్ మీ బడ్జెట్‌లో రాదు. జాజ్ శాక్సఫోన్ విద్వాంసుడు కోల్ట్రేన్ లాంటి వాళ్లు వాయించింది లింక్ మెటలే కాబట్టి అందరికీ దాని మీద కన్నుంటుంది. ఇక్కడికి తెప్పించుకుంటే ఇరవై వేలు దాటుతుంది. యానగిసావా కంపెనీ మెటల్ అంతకంటే పైన. సెకండ్‌హ్యాండ్‌లో లింక్ దొరికితే చూడండి, కానీ కొస మీద దెబ్బ ఉందేమో గోటితో తడిమి చూడకుండా డబ్బు తీయకండి. డూకాఫ్ కంపెనీ పాత పీసులు కూడా తిరుగుతుంటాయి. అవి బాగా పదును, కానీ చేసే లోహం మెత్తన, చిన్న దెబ్బకే గుంట పడుతుంది.

మీరట్ పీసులు. మన మేళాల్లో సగం వాద్యాలు మీరట్ జాలీ కోఠీ నుంచే వచ్చాయి, మీకూ తెలుసు. అక్కడి ఇత్తడి పనితనాన్ని నేను తక్కువ చేయను. బెల్లు, గొట్టం, వంపు బాగానే కుదురుతాయి. మౌత్‌పీస్ మాత్రం వెంట్రుకవాసి పని. చేతికొచ్చినదాన్ని బట్టి ఉంటుంది. పది చూసి ఒకటి తీసుకోగలిగితే తీసుకోండి, పార్సిల్‌లో తెప్పించుకోకండి.

మిగిలినవి ఆన్‌లైన్‌లో దొరికే పేరులేని చైనా పీసులు. రెండు వేల నుంచి ఐదు వేల దాకా ఉంటాయి. లింక్ ఆకారానికో డూకాఫ్ ఆకారానికో నకలు చేసినవి. మీరు కొనబోయేది బహుశా ఇదే. ఇందులో మంచివీ ఉన్నాయి, చెత్తా ఉంది, బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా బంగారంలా మెరుస్తాయి.

నా మొదటిది అలాంటిదే. పద్దెనిమిది వందలు. పార్సిల్ సాయంత్రం వచ్చింది, ఆ రాత్రే పెళ్లి. ఇంట్లో ఒక్కసారి ఊది చూసుకుని పట్టుకుపోయాను. పెళ్లికూతురి ఇంటిముందు అందరూ ఆగి ఉన్నప్పుడు నా వంతు పాట వచ్చింది. రెండో చరణంలో పై స్వరానికి వెళ్లగానే కీచుమంది. మళ్లీ ఊదాను, మళ్లీ కీచు. జనరేటరు బండి మీద ట్యూబులైట్లు, వాటి కింద పెళ్లివారంతా నన్నే చూస్తున్నారు. క్లారినెట్ మాస్టారు నా భుజం మీద చెయ్యేసి తను అందుకున్నారు. ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధ.

రీడ్ తప్పేమోనని నాలుగు రీడ్లు మార్చాను, పోలేదు. ఆ తర్వాతే అద్దం మీద పెట్టి చూడటం నేర్చుకున్నాను. ఇది మీరు తప్పకుండా చేయాలి, అందుకే వివరంగా రాస్తున్నాను.

ఫొటో ఫ్రేములు కట్టే దుకాణంలో అయిదు మిల్లీమీటర్ల మందం అద్దం ముక్క అడగండి, అరచేయంత చాలు. అంచులు రుద్దించుకోండి. మోటారు మెకానిక్ దగ్గర ట్యాపెట్లు సెట్ చేసే ఫిల్లర్ గేజి ఉంటుంది, పలచని రేకుల కట్ట. ఒక అరగంట అడిగి తెచ్చుకోండి. దాంట్లో అన్నిటికంటే పలచని రేకు, 0.05 మిల్లీమీటర్లది, మనకి కావాలి.

రీడ్ ఆనే చదును భాగాన్ని టేబుల్ అంటారు. దాన్ని అద్దం మీద బోర్లా పెట్టి వెనక కొసన వేలితో తట్టండి. ఉయ్యాలలా ఊగిందా, ఆ పీసు వెనక్కి పంపేయండి, ఇంకేం చూడొద్దు. టేబుల్ మధ్యలో ఉబ్బు ఉందన్నమాట. రీడ్ దానిమీద ఎప్పటికీ సరిగ్గా కూర్చోదు. మధ్యలో రవ్వంత పల్లం ఉంటే మాత్రం భయపడక్కర్లేదు, కొందరు కావాలనే అలా చేస్తారు.

ఊగకపోతే, ఇప్పుడు ముందు కొస వైపు నుంచి ఆ పలచని రేకుని అద్దానికీ మౌత్‌పీస్‌కీ మధ్య మెల్లగా జారనివ్వండి. కొంత దూరం వెళ్లి ఆగుతుంది. ఆగినచోట రేకు మౌత్‌పీస్‌కి సరిగ్గా అడ్డంగా, వంకర లేకుండా ఉండాలి. ఒక పక్కకి వాలితే ఎడమ అంచు, కుడి అంచు ఒకేలా వంగలేదని అర్థం. నా పద్దెనిమిది వందల పీసులో రేకు ఎడమవైపు మూడు నాలుగు మిల్లీమీటర్లు ఎక్కువ లోపలికి దూరింది. కీచుకి కారణం అక్కడుంది. రీడ్ ఒక పక్క ముందు మూసుకుని, రెండో పక్క తెరుచుకునే ఉంటోంది పాపం.

టిప్ ఓపెనింగ్ కొలవడానికి డ్రిల్లు బిట్టు చాలు. అద్దం మీద పీసు అలాగే ఉంచి, కొస కింద 2.5 మిల్లీమీటర్ల బిట్టు వెనకభాగాన్ని, అంటే నునుపుగా ఉండేదాన్ని, దూర్చి చూడండి. అంటీ అంటనట్టు దూరితే అది దాదాపు 7. వదులుగా దొర్లితే అంతకంటే పెద్దది. తయారుచేసినవాడు పీసు మీద 7 అని కొట్టి లోపల 9 పెట్టిన సందర్భాలు నేను చూశాను.

ఇక నోటి పరీక్ష. తడిపిన రీడ్ కట్టి, లిగేచర్ బిగించి, వెనక రంధ్రాన్ని అరచేత్తో గట్టిగా మూసి, నోటితో గాలి పీల్చేయండి. పీసుని నోట్లోంచి తీశాక రీడ్ ఒక్క క్షణమైనా అతుక్కునే ఉండి తర్వాత "టప్" మని విడవాలి. అస్సలు అతుక్కోకపోతే ఎక్కడో గాలి పోతోంది. రీడ్ మార్చి మళ్లీ చూడండి. మూడు రీడ్లతోనూ అంతే ఐతే తప్పు పీసుదే.

పాడైన పీసుని ఇంట్లో రుద్దుకుందామనే ఆలోచన మీకు వస్తుంది. నాకూ వచ్చింది. నీటి ఎమరీ కాగితం అద్దం మీద పరిచి టేబుల్ రుద్దాను. చదునైతే వచ్చింది గానీ, టేబుల్ అరిగే కొద్దీ టిప్ సందు మూసుకుపోతుందని నాకు తెలియదు. 7 కాస్తా 5 దగ్గరికి వచ్చింది. ఇప్పుడది మా అబ్బాయి బొమ్మల డబ్బాలో ఉంది. రెండోది బాగానే కుదిరింది, కానీ అది నెల రోజుల పని, రోజుకి నాలుగు రుద్దులు. ముందే మంచిది ఏరుకోవడం చవక.

లిగేచర్ విడిగా కొనాల్సి వస్తే కొనకండి, కలిపి వచ్చేదే చూడండి. మెటల్ పీసు ఒళ్లు సన్నం కాబట్టి మీ 4సి లిగేచర్, మూత దానికి వదులైపోతాయి. మెటల్ పీసుల కొలతలు కూడా ఒకదానికొకటి కలవవు. ఊరూరా తిరిగి వెతుక్కోవాలి.

పూత సంగతి. పూతలేని వట్టి ఇత్తడి పీసు చవకగా వస్తుంది, వద్దు. మన డెల్టా గాలిలో తడి, అంతర్వేది వైపు వెళ్తే ఉప్పు. ఎంగిలి తగిలే చోట వారంలో చిలుము పడుతుంది, పచ్చగా. ఇత్తడిలో సీసం కలిసే అవకాశం కూడా ఉంది, రోజూ నోట్లో పెట్టుకునే వస్తువు ఇది. నికెల్ పూత కొందరికి పెదవి మీద దురదపెడుతుంది. నకిలీ గడియారం గొలుసు మీకు చేతి మీద దద్దురు తెచ్చిందా ఎప్పుడైనా? ఐతే నికెల్ జోలికి పోకండి. వెండో బంగారమో మేలు. బంగారమంటే కంసాలి బంగారం కాదు లెండి, పేరుకి పూత.

శుభ్రం చేసే విషయంలో ఒక కథ. ఓ శుక్రవారం మా అమ్మ పూజ సామాను తోముతూ, పక్కనున్న నా మౌత్‌పీస్‌ని కూడా "ఎంత మాసిపోయిందో" అని అందులో వేసేసింది. చింతపండు, బూడిద, కొబ్బరిపీచు. నేను లేచేసరికి కుందుల మధ్య అది కూడా తళతళలాడుతోంది. పూత సగం పోయింది, కొస అంచు మొద్దుబారింది. ఆవిడ సంతోషం చూసి నోరెత్తలేదు. చింతపండు, నిమ్మకాయ, పీతాంబరి ఏదీ వద్దు. గోరువెచ్చటి నీళ్లు, కొంచెం గిన్నెలు తోమే లిక్విడ్, మెత్తని పాత టూత్‌బ్రష్. వాయించిన ప్రతిసారీ రీడ్ ఊడదీసి లోపల గుడ్డతో తుడవండి. మీ నల్ల 4సిని మాత్రం వేడి నీళ్లలో పెట్టకండి. నల్లవాటిలో ఎబొనైట్ రబ్బరువి ఐతే ఎండకీ వేడికీ పచ్చగా మారి గంధకం వాసనేస్తాయి.

రీడ్ల విషయంలో చాలామంది తప్పు చేస్తారు. కొత్త పీసు పెట్టి పాత రీడే బిగించి, ఊదలేక, పీసు బాగోలేదంటారు. సందు పెరిగినప్పుడు రీడ్ మెత్తబడాలి. 4సి మీద రెండున్నర వాడుతుంటే 7 మీద రెండుతో మొదలుపెట్టండి. నంబర్లు ఇక్కడా కంపెనీని బట్టే. వాండొరెన్ మామూలు నీలం పెట్టె రెండున్నర, రికో నారింజ పెట్టె రెండున్నర కంటే గట్టిగా ఉంటుంది. వాండొరెన్ టెనర్ పెట్టెలో ఐదే ఉంటాయి, అది కూడా లెక్కేసుకోండి. వానాకాలం మన దగ్గర రీడ్లకి బూజు పడుతుంది, ప్లాస్టిక్ డబ్బాలో తడిగా మూసేయకుండా, తుడిచి చదునైన దానిమీద ఆరనిచ్చి దాచండి. ఆ అద్దం ముక్క దీనికీ పనికొస్తుంది.

చలి గురించి ఎవరూ చెప్పరు. ధనుర్మాసంలో తెల్లవారుజామున మంచులో వాయిస్తే మెటల్ పీసు పెదవికి మంచుగడ్డలా తగులుతుంది, వాద్యం శృతి కిందికి దిగుతుంది, లోపల నీరు పేరుకుని గరగరమంటుంది. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి పొద్దున్నే బయల్దేరితే నేను పీసుని ఊడదీసి చొక్కా జేబులో వేసుకుంటాను. వంతు వచ్చేసరికి ఒంటి వేడికి వెచ్చబడి ఉంటుంది. పది పైసల ఖర్చు లేదు.

కొత్తది వచ్చాక మొదటి రెండు వారాలు మేళానికి తీసుకెళ్లకండి, నా కథ చదివారుగా. పంటి కింద ప్యాచ్ అంటించండి, లేకపోతే ఆ అదురు పుర్రెలోకి పోయి మీకు వినపడే సౌండు వేరు, బయటికి వెళ్లే సౌండు వేరు అవుతుంది. రోజూ ఇరవై నిమిషాలు పొడుగు స్వరాలు, కింది స్థాయి నుంచి. మౌత్‌పీస్ ఒక్కదాన్నే ఊదితే టెనర్‌కి కీబోర్డు మీద జి దగ్గర పలకాలన్నది పాత లెక్క. ఇలాంటి పెద్ద సందు పీసులతో అంతకంటే కిందికి వచ్చినా పరవాలేదు. జి దాటి పైకి పోతుంటే మాత్రం పెదవితో కొరుకుతున్నారు, వదలండి. కార్క్ మీదికి బిగుతుగా ఉంటే తిప్పుతూ ఎక్కించండి, కార్క్ గ్రీజు రాయండి. మా వాళ్లు కొబ్బరినూనె రాస్తారు, నాలుగు రోజులకే జిడ్డు గారకట్టి వాసనొస్తుంది. బలవంతంగా తోస్తే వాద్యం మెడ గొట్టం వంగుతుంది, మెడ వంగితే మౌత్‌పీస్ ఖర్చు అందులోనే పోతుంది.

ఆఖరుగా మీరు రాయని ఒక సంగతి అడగాలి. మీ వాద్యంలో కింది స్వరాలు, బి ఫ్లాట్, బి, సి, తేలిగ్గా పలుకుతున్నాయా? పలకకపోతే రంధ్రాల మూతల కిందుండే ప్యాడ్లు గాలి వదులుతున్నాయేమో ముందు చూపించండి. లీకున్న వాద్యానికి ఏ మౌత్‌పీస్ పెట్టినా సౌండు రాదు, ఎనిమిది వేలు ప్యాడ్ల మీద పెట్టడమే మేలు. చీకటి గదిలో ఫోను లైటు లోపలికి వేసి మూతలు నొక్కి చూస్తే ఎక్కడ వెలుతురు కనపడితే అక్కడ లీకు. అది చూసి, ఇప్పుడు వాడుతున్న రీడ్ నంబరు, కంపెనీ కూడా రాయండి. దాన్నిబట్టి రీడు సంగతి ఇంకొంచెం కచ్చితంగా చెబుతాను.